అడవికి పటం గీసేవాళ్ళు



వృక్షశాస్త్రం చదివితే ఏం ఉద్యోగం వస్తుందని అడిగితే మన ఇళ్ళలో రెండే జవాబులు వినిపిస్తాయి. కాలేజీలో పాఠం చెప్పుకోవచ్చు, లేదంటే పరీక్ష రాసి అటవీశాఖలో చేరవచ్చు. మూడో దారి ఒకటుంది, దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఏ కొండ మీద ఏ చెట్లు ఏ ఏ గుంపులుగా పెరుగుతున్నాయో నేల మీద తిరిగి చూసి పటం గీయడం, గీసిన చోటికే ఏళ్ళ తరబడి వెళ్తూ అక్కడ ఏం మారిందో రాసిపెట్టడం. ఉద్యోగ జీవితమంతా ఈ పనికే ఇచ్చినవాళ్ళు మన దేశంలో ఉన్నారు. నేనూ ఆ దారిలో నడిచినవాణ్ణే కాబట్టి ఆ పని గురించి, ఆ మనుషుల గురించి ఇవాళ కాస్త ఇష్టంగానే మాట్లాడతాను.

ముందు పుదుచ్చేరి వెళ్దాం. ఆ ఊరు ఫ్రెంచివాళ్ళ పాలన నుంచి 1954లో మన చేతికి వచ్చింది. మరుసటి ఏడాదే అక్కడ ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. దాని మొదటి డైరెక్టరు జాఁ ఫిలియోజా, మన భాషలూ శాస్త్రగ్రంథాలూ చదువుకున్న పండితుడు. ఒక పక్క తాళపత్రాలు, ఇంకో పక్క ఎండబెట్టిన మొక్కలు, వర్షపాతం లెక్కలు. రెండూ ఒకే కప్పు కింద సాగడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

మొక్కల విభాగం వెనుక ఉన్న ఆలోచన ఆఁరి గోసెన్‌ది. ఆయన ఫ్రాన్స్‌లో టూలూజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. పిరనీస్ పర్వతాల్లో తిరిగి తిరిగి, వృక్షసంపదను పటం మీద పెట్టడానికి ఒక పద్ధతి తయారు చేసుకున్నారు. ఆ పద్ధతిలో మన దేశానికి 1:1,000,000 స్కేలులో పటాలు గీయాలని, భారత వ్యవసాయ పరిశోధన మండలితో కలిసి పని మొదలుపెట్టారు. ఆ స్కేలులో పటం మీద ఒక సెంటీమీటరంటే నేల మీద పది కిలోమీటర్లు. మన నల్లమల మొత్తం జానెడు కూడా రాదు. కన్యాకుమారి షీటు 1961లో ముందుగా వచ్చింది. తర్వాత మద్రాసు, గోదావరి, మైసూరు, బొంబాయి, అలా ఒక్కొక్కటీ అచ్చయ్యాయి. తెలుగు నేలలో ఎక్కువ భాగం మద్రాసు, గోదావరి షీట్లలోనే వస్తుంది. గోసెన్ దూరం నుంచి దారి చూపిస్తే, ఇక్కడ ఉండి కొండలెక్కినవాళ్ళు పియెర్ లెగ్రి, వి.ఎం. మెహర్-హోమ్‌జీ, వాళ్ళ సహచరులు. మెహర్-హోమ్‌జీ పార్శీ కుటుంబంలో పుట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు, దశాబ్దాల పాటు ఆ సంస్థలోనే పనిచేశారు.

ఆ షీటును మొదటిసారి బల్ల మీద పరిస్తే అందరూ చూసేది రంగులనే. ఆ రంగులు అందం కోసం వేసినవి కావు. వేడికి ఒక రంగు, తేమకు ఒక రంగు, ఎండుదనానికి ఒక రంగు అని గోసెన్ ముందే నిర్ణయించారు. తడి అడవులు నీలం వైపు, ఎండు ప్రాంతాలు పసుపు, నారింజ వైపు పోతాయి. దట్టమైన అడవి నిలిచి ఉంటే రంగు నిండుగా ఉంటుంది. పొదలుగా, పచ్చికగా దిగజారితే అదే రంగు గీతలుగా, చుక్కలుగా పలచబడుతుంది. పటం అంచున చిన్న చిన్న పటాలు ఇంకొన్ని ఉంటాయి, వాతావరణానికి ఒకటి, నేలలకు ఒకటి, రాళ్ళకు ఒకటి, పంటలకు ఒకటి. అడవి ఎక్కడుందో చెప్పి ఊరుకోకుండా అక్కడే ఎందుకుందో కూడా చెప్పడానికి చేసిన ఏర్పాటు అది.

ఆ 'ఎందుకు' దగ్గర కాసేపు ఆగుతాను. ఏడాదిలో ఎంత వాన పడిందన్నది మొక్కకు పెద్ద సంగతి కాదు, దానికి ఎన్ని నెలలు దాహం అన్నదే లెక్క. బాన్యూల్ అనే సహ రచయితతో కలిసి గోసెన్ 1953లో దీనికొక తేలిక సూత్రం చెప్పారు. ఒక నెలలో పడిన వాన మిల్లీమీటర్లలో తీసుకోండి. ఆ నెల సగటు ఉష్ణోగ్రతను సెల్సియస్ డిగ్రీల్లో తీసుకుని రెట్టింపు చేయండి. వాన అంకె దానికంటే తక్కువైతే అది ఎండు నెల. సగటు వేడి 30 డిగ్రీలుండే నెలకు 60 మిల్లీమీటర్ల వాన పడితేనే మొక్కకు ఊపిరి ఆడుతుందన్నమాట. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. తాలూకా కచేరీలో వానకొలత డబ్బా లెక్కలూ, నెలవారీ సగటు వేడి లెక్కలూ ఉంటే చాలు, ఈ పద్ధతిలో ఏ ఊరికైనా ఎండు నెలలు లెక్కగట్టవచ్చు.

దీనితో మన తెలుగు నేల మీదే ఒక చిక్కుముడి విప్పి చూడండి. వరంగల్‌కూ నెల్లూరు తీరానికీ ఏడాది వాన ఇంచుమించు ఒకటే, వెయ్యి మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అడవి చూస్తే మాత్రం ఎక్కడా పోలిక లేదు. వరంగల్ వైపు టేకు, మద్ది ఎండాకాలం వచ్చేసరికి ఆకంతా రాల్చేసి మోడులై నిలబడతాయి. పులికాట్ సరస్సుకు సముద్రం వైపున ఉన్న శ్రీహరికోటలో పాలచెట్టు, అల్లిచెట్టు మండువేసవిలో కూడా ఆకు దించవు. చిన్న, మందపాటి, మెరిసే ఆకులు వాటివి. తేడా ఎక్కడుందంటే వాన పడే కాలంలో. వరంగల్‌కు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన వస్తుంది. నెల్లూరు తీరానికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఎండ తగ్గి చలి మొదలయ్యే వేళ, ఈశాన్యం నుంచి వస్తుంది. కోరమండల్ తీరంలోని ఈ ఎండు సతతహరిత అడవి మీద పుదుచ్చేరి శాస్త్రజ్ఞులు చాలా రాశారు. తీరం పొడవునా ఇలాంటి అడవి ముక్కలు ముక్కలై, తమిళనాడులో చాలాచోట్ల గుళ్ళ చుట్టూ, దేవరవనాలుగా మాత్రమే మిగిలింది. శ్రీహరికోటలో పెద్ద ముక్క ఒకటి బతికి ఉందంటే, రాకెట్ కేంద్రం వచ్చాక బయటివాళ్ళు లోపలికి వెళ్ళడం తగ్గడం దానికొక కారణం. ఆ దీవి మీంచి 1994లో పైకి లేచిన పీఎస్ఎల్వీ మోసుకెళ్ళింది ఐఆర్ఎస్-పి2 ఉపగ్రహాన్ని. నేలనూ అడవినీ చూడటానికి తయారైన ఉపగ్రహం అది.

గోసెన్ పద్ధతిలో నన్ను బాగా పట్టుకున్నది ఇంకొకటుంది. దాన్ని శ్రేణి అంటాం. ఒక కొండ మీద ఇవాళ ముళ్ళపొదలే ఉండవచ్చు. పక్క కొండ మీద పచ్చిక, దాని వెనక కొండ మీద అడవి ఉండవచ్చు. ఆ మూడింటికీ వానా నేలా ఒకటే అయితే అవి మూడు వేరు వేరు సంగతులు కావు, ఒకే శ్రేణిలో మూడు దశలు. నరుకుడు, మేపుడు, నిప్పు అడవిని మెట్టు మెట్టుగా కిందికి దించితే అది పొదై, పచ్చికై నిలబడింది. ఒత్తిడి తగ్గితే అదే దారిలో పైకి ఎక్కగలదు కూడా. కాబట్టి పటం గీసేవాడు పొదను చూసి 'పొద' అని రాసి చేతులు దులుపుకోకూడదు, అది ఏ అడవి తాలూకు పొదో తేల్చాలి. ఎలా తేలుస్తాడు? వంగి చూడాలి. బందారు పొదల మధ్య మోకాలెత్తు మోళ్ళు కనిపిస్తాయి, వాటి చుట్టూ పిలకలు లేచి ఉంటాయి. ఆ పిలక ఆకు చిరుమానుదా, నారెపిదా, మద్దిదా అని చూడాలి. గొర్రెలు కొరికి కొరికి గుబురుగా మారిన మొక్క వేరు దగ్గర లావు చూస్తే దాని వయసు పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో ఉండవచ్చు. అది మొలక కాదు, పైకి లేవనివ్వని చెట్టు. ఆ కొండకు ఏ అడవిగా మారే శక్తి ఉందో పటంలో రంగు చెబుతుంది, ఇవాళ ఎంత దిగజారి ఉందో గీతలు చెబుతాయి. ఉన్నదాన్నీ, కాగలిగినదాన్నీ ఒకే కాగితం మీద చూపించే విద్య ఇది.

అయితే ఈ చూపుకు ఒక హద్దు ఉంది, అదీ చెప్పాలి. ప్రతి పచ్చికా చెడిపోయిన అడవి కాదు. కొన్ని నేలలు పచ్చికగానే పుట్టి, పచ్చికగానే వేల ఏళ్ళు బతికాయి. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆ పిట్టకు కావలసింది చెట్టు కాదు, చుట్టూ దూరం దాకా కనిపించే గడ్డినేల. అలాంటి నేలను రికార్డుల్లో 'బంజరు' అని రాస్తే ఏమవుతుంది? బంజరు కదా అని ఎవరో చెట్లు నాటుతారు, ఇంకెవరో సోలారు పలకలు వేస్తారు. చట్టప్రకారం అంతా సవ్యంగానే ఉంటుంది, పిట్టకే చోటు ఉండదు. పటంలో పెట్టే ఒక్క పేరు నేల తలరాతను మార్చేస్తుంది. అందుకే ఈ పని తెలిసినవాడి చేతిలో ఉండాలని నేను పట్టుబడతాను.

సరే, ఈ తెలియడం అనేది ఎక్కడ మొదలవుతుంది? ఒక ప్లాటులో.

నల్లమలలో అమ్రాబాద్ వైపు ఏప్రిల్ నెల అనుకోండి. ఇరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు కొలిచి నాలుగు మూలలా కర్రలు పాతి తాడు కడతాం. 400 చదరపు మీటర్లు, అంటే 0.04 హెక్టారు. వాలు మీదైతే తాడును నేలకు ఆనించి కొలిస్తే తప్పు, అడ్డంగా మట్టానికి పట్టుకుని కొలవాలి. ఇక లోపలున్న ప్రతి చెట్టుకూ పేరు, చుట్టుకొలత, ఎత్తు రాయాలి. చుట్టుకొలత ఎక్కడ తీస్తామంటే నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, మనిషి ఛాతీ దగ్గర. ఆ ఎత్తుకు కోసుకున్న కర్ర ఒకటి చేతిలో ఉంటుంది. వాలు మీద చెట్టుకు ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఆ ఎత్తుకంటే కిందే రెండుగా చీలితే రెండు కొలతలు. టేపు కింద తీగ ఉంటే పక్కకు తప్పించాలి, బెరడు ఊడి వేలాడుతుంటే దాన్ని తీసేయాలి. వింటే చిన్న చాదస్తాల్లా ఉంటాయి. పదేళ్ళ తర్వాత ఇంకొకరు వచ్చి అదే చెట్టును కొలిచినప్పుడు తేడా చెట్టు పెరుగుదల వల్ల వచ్చిందా, టేపు పట్టిన తీరు వల్ల వచ్చిందా అన్నది ఈ చాదస్తాల మీదే ఆధారపడి ఉంది.

ఏప్రిల్‌లో ఆకులుండవు, పువ్వూ కాయా కూడా చాలావాటికి ఉండవు. కాలేజీలో నేర్చుకున్నదంతా పువ్వును బట్టి పేరు చెప్పడమే కాబట్టి కొత్తగా వచ్చిన విద్యార్థికి కాళ్ళూ చేతులూ ఆడవు. అప్పుడు ముందుకు వచ్చేది మనతో నడిచే చెంచు పెద్దాయన.

"ఇదేం చెట్టు తాతా?"

"నల్లమద్ది సారూ. తోలు చూడు, మొసలి తోలు లెక్క పగిలి ఉంటది. గా పక్కది చిరుమాను. దానికి పగుళ్ళుండవు, తెల్లగ నున్నగ ఉంటది."

ఇంకో చెట్టు దగ్గర గొడ్డలి మొనతో బెరడును చిన్నగా గీస్తాడు. ఎర్రటి రసం ఊరుతుంది. ఏగిస. మరో చెట్టు గీస్తే సాంబ్రాణి వాసన వస్తుంది. అందుగు. దూరంగా రాళ్ళ మధ్య తెల్లగా, కాగితం పొరలు ఊడుతున్నట్టు మెరిసేది తపసి, దాని బంక తీసి అమ్మి వాళ్ళ కుటుంబాలు తరాలుగా బతికాయి. ఇవన్నీ రాసుకుని, అనుమానం ఉన్నవాటి కొమ్మ తెంపి పత్రికా కాగితాల మధ్య పెట్టి నొక్కి, సాయంత్రం బసకు వచ్చాక గాంబుల్ తీసి సరిచూసుకోవాలి. జె.ఎస్. గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాతుల గ్రంథం 1915లో రావడం మొదలై, ఆయన పోయాక ఫిషర్ చేతుల మీదుగా 1936లో పూర్తయింది. కోస్తా, రాయలసీమల్లో మొక్కల పని చేసేవాళ్ళకు ఇవాళ్టికీ అదే పెద్దబాలశిక్ష. గాంబుల్ పేరు ప్రతి నివేదిక చివరా ఉంటుంది. దారి చూపిన చెంచు మనిషి పేరు మాత్రం కూలీల ఖర్చు కింద రోజుకింత అని రాసిన వోచరులోనే ఉంటుంది. ఇది నాకు మొదటి నుంచీ బాధ. చెట్టు పేరు చెప్పినవాడి పేరు కూడా నివేదికలో ఉండాలని గట్టిగా అడిగే పరిశోధకులు ఇప్పుడిప్పుడే వస్తున్నారు, మంచి మార్పు.

ప్లాటులో చెట్లతో పని అయిపోదు. లోపల చిన్న చదరాలు కట్టి పొదలు, గడ్డి, మొలకలు లెక్కపెట్టాలి. మోళ్ళెన్ని, నిప్పు మరకలు ఏ ఎత్తు దాకా ఉన్నాయి, పశువుల పేడ ఉందా, పులికంప ఎంత మేర పాకింది అన్నవన్నీ రాయాలి. తేదీ మరిచిపోకూడదు. ఇంత చేస్తే పటం మీద ఒక చుక్క.

ఇక ఆకాశం వైపు వెళ్దాం. 1972 జులైలో అమెరికా ల్యాండ్‌శాట్ పంపింది. మన దేశంలో జాతీయ దూరసంవేదన సంస్థ 1970ల మధ్యలో హైదరాబాదులో మొదలైంది. ఇప్పుడు బాలానగర్‌లో ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ అదే. ఆకులు మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడతాయి. ఆ కాంతికి ఎరుపు రంగు ఇచ్చి చిత్రం తయారు చేస్తే అడవి పచ్చగా కాకుండా ఎర్రగా కనిపిస్తుంది. ఎంత ఎరుపైతే అంత ఆకు. ఆ సంస్థ ల్యాండ్‌శాట్ చిత్రాలతో దేశం మొత్తానికి అడవి లెక్క తీసింది. 1972-75 చిత్రాల్లో దేశ విస్తీర్ణంలో అడవి 16.89 శాతం. 1980-82 చిత్రాల్లో 14.10 శాతం. అప్పటిదాకా కాగితాల్లో అటవీ భూమి సుమారు 23 శాతమని రాసుకుంటూ వచ్చాం. కాగితంలో అడవి అని రాసి ఉన్నదీ, నేల మీద చెట్లతో నిలబడి ఉన్నదీ ఒకటి కాదని దేశానికి అంకెల్లో తెలిసిన మొదటి సందర్భం అది. తర్వాత భారత అటవీ సర్వే సంస్థ ఆ లెక్కలను తన లెక్కలతో సరిపోల్చి సవరించింది, అంకె పెరిగింది. అయినా ఆ దెబ్బకు వచ్చిన మెలకువ మాత్రం నిజమైనది. 1987 నుంచి అటవీ సర్వే సంస్థ ఇంచుమించు రెండేళ్ళకోసారి దేశ అడవుల నివేదిక ఇస్తోంది.

ఆ నివేదికలో అడవి అంటే ఏమిటో శ్రోతలు తెలుసుకోవాలి. ఒక హెక్టారుకు తక్కువ కాని నేల మీద చెట్ల గొడుగు పది శాతమైనా ఉంటే అది అటవీ ఆచ్ఛాదన. ఆ నేల ఎవరిదైనా సరే, ఆ చెట్టు ఏదైనా సరే. చిత్తూరు మామిడితోట, ప్రకాశం జిల్లా జామాయిల్ తోట, శ్రీకాకుళం జీడితోట, శేషాచలం ఎర్రచందనం అడవి, అన్నీ ఆ లెక్కలో పడగలవు. లెక్క తప్పని నేను అనడం లేదు. వాళ్ళు అడిగిన ప్రశ్న 'ఆకు ఎంత ఉంది' అని. 'ఏ అడవి ఉంది' అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే పటం కావాలి. చిత్రం ఏ నెలలో తీసిందన్నది కూడా ముఖ్యమే. నల్లమలను ఏప్రిల్‌లో చూస్తే ఉపగ్రహానికి బోడికొండ కనిపిస్తుంది, అక్టోబరులో చూస్తే దట్టమైన అడవి. ఈ సంగతి తెలియనివాడు రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి ఆరు నెలల్లో అడవి మాయమైందని చెప్పగలడు.

మన దూరసంవేదన ఉపగ్రహాల ఐఆర్ఎస్ వరుసలో మొదటిది ఐఆర్ఎస్-1ఎ, 1988 మార్చిలో కక్ష్యలోకి వెళ్ళింది. తర్వాతి తరంలో వచ్చిన లిస్-3 కెమెరా చిత్రంలో ఒక గడి 23.5 మీటర్ల చదరం. ఇందాక మనం తాడు కట్టిన ప్లాటు ఒక గడి కంటే చిన్నది. మద్ది, చిరుమాను, ఏగిస, అందుగు, తపసి, వాటి కింద గడ్డి, పులికంప, ఇవన్నీ కలిసి ఉపగ్రహానికి ఒకే ఒక్క ఎర్రటి గడి. ఆ గడికి పేరు పెట్టాలంటే ఎవరో ఒకరు అక్కడికి నడిచి ఉండాలి. పి.ఎస్. రాయ్, ఎంతోమంది సహచరులు కలిసి 2015లో భారతదేశ వృక్షసంపద పటం ప్రచురించారు. మన ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వంద వృక్షసంపద రకాలు గుర్తించారు. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళతో పాటు, దేశం నలుమూలలా కర్రలు పాతి తాళ్ళు కట్టినవాళ్ళ చెమట అందులో ఉంది. రంగు వేసే హక్కు నడిచి వచ్చినవాళ్ళదే అని నేను నమ్ముతాను. కంప్యూటరు ఎంత పెరిగినా ఈ నమ్మకం సడలలేదు, ఎందుకంటే కంప్యూటరుకు నేర్పాలన్నా ముందు ఎవరో ఒకరు చెట్టు పేరు చెప్పాలి.

పటం ఒక రోజు ఫోటో. అడవి ఎటు పోతోందో తెలియాలంటే మళ్ళీ వెళ్ళాలి. ఈ రెండో పనిలో మనకు గర్వపడదగ్గ ఉదాహరణ ముదుమలై. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆర్. సుకుమార్, ఆయన బృందం 1988లో తమిళనాడు ముదుమలై అడవిలో 50 హెక్టార్ల ప్లాటు వేశారు. ఒక కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. చిటికెన వేలంత, అంటే ఒక సెంటీమీటరు మందం ఉన్న ప్రతి మొక్కకూ నంబరు బిళ్ళ. మొదటి లెక్కలో సుమారు 26 వేల మొక్కలు, 70కి పైగా జాతులు. అక్కడి ప్రధాన వృక్షాల్లో టేకు, మద్ది, చిరుమాను ఉన్నాయి, మన నల్లమల చెట్లే. ప్రతి ఏడాదీ ఏవి చచ్చాయి, ఏవి కొత్తగా వచ్చాయి అని చూస్తారు. నాలుగేళ్ళకోసారి అన్నిటినీ మళ్ళీ కొలుస్తారు. ఒక్కసారి చూసి వచ్చినవాడికి ఎప్పటికీ తెలియని సంగతులు అలా బయటపడ్డాయి. కిడియా అనే చిన్నచెట్టును ఏనుగులు విరిచి విరిచి తినడంతో కొద్ది ఏళ్ళలోనే దాని సంఖ్య ఘోరంగా పడిపోయింది. నిప్పు వచ్చిన ఏడాది చిన్న మొక్కలు మాడిపోయి, వేళ్ళ నుంచి మళ్ళీ లేస్తాయి. కరువు దెబ్బ చెట్టు మీద అదే ఏడాది కనిపించక్కర్లేదు. పులికంప విస్తరించడం కూడా ఏడాదికేడాది లెక్కలోకి వచ్చింది. కర్ణాటక కొడగులోని ఉప్పంగళలో పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1990లో తడి అడవిలో ఇలాంటి శాశ్వత ప్లాటు మొదలుపెట్టారు. ఆ సంస్థకే చెందిన జె.పి. పాస్కల్, ఆయన తర్వాతివాళ్ళు 1982 నుంచి పశ్చిమ కనుమల అడవులకు 1:250,000 స్కేలులో పటాలు గీశారు. పటం గీసిన చేతులే ప్లాటు దగ్గర కాపు కాయడానికి దిగాయి.

మెహర్-హోమ్‌జీ జీవితంలోనూ ఆ మలుపు కనిపిస్తుంది. శీతోష్ణస్థితుల విభజనతో మొదలుపెట్టి, పటాలు గీసి, తర్వాత వెనక్కి తిరిగి ఒక పెద్ద ప్రశ్న వేసుకున్నారు. వాన అడవిని నిర్ణయిస్తుందని ఇన్నాళ్ళూ చెప్పాం, మరి అడవి పోతే వాన మీద ప్రభావం ఉంటుందా? దశాబ్దాల వర్షపాతం లెక్కలు ముందు వేసుకుని, అడవి బాగా పోయిన ప్రాంతాల కేంద్రాల్లో వానలోనూ, వాన పడే రోజుల సంఖ్యలోనూ తగ్గుదల ఎక్కువగా కనిపిస్తోందని రాశారు. ఇలాంటి ప్రశ్న పాతికేళ్ళు ఒకే పని మీద ఉన్నవాడికే తడుతుంది.

ఈ ఓపికకు మనం ఇచ్చే విలువ ఎంత? చాలాచోట్ల ఈ పని మూడేళ్ళ ప్రాజెక్టుగా వస్తుంది. పిల్లలను తాత్కాలికంగా తీసుకుంటారు. ప్రాజెక్టు అయ్యాక వాళ్ళు వేరే ఉద్యోగానికి పోతారు, నోటుపుస్తకం బీరువాలోకి పోతుంది. నాకు తెలిసిన ఒకచోట చెట్లకు కొట్టిన అల్యూమినియం బిళ్ళలు ఇంకా బెరడులో ఉన్నాయి, ఏ నంబరు ఏ చెట్టుదో రాసిన పుస్తకం మాత్రం లేదు. మొదటి కొలతకు ఖర్చు పెట్టినవాళ్ళు రెండో కొలతకు పైసా ఇవ్వలేదు. మొదటిది రెండోదాని కోసమే వేశారని తెలిసి కూడా ఇవ్వలేదు. తూర్పు కనుమల్లో, మన రెండు రాష్ట్రాల్లో, ముప్పై నలభై ఏళ్ళు తెగకుండా కొలిచే పెద్ద ప్లాట్లు కావాలి. విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాలు ఒక్కొక్కటీ తమ దగ్గరి అడవిలో ఒక హెక్టారును దత్తత తీసుకున్నా చాలు. ప్రతి ఏడాదీ కొత్త ఎమ్మెస్సీ పిల్లలు పాత అంకెల పక్కన కొత్త అంకెలు రాస్తారు. అందుకు కోట్లు అక్కర్లేదు. టేపు, బిళ్ళలు, బస్సు చార్జీలు, ఒక పెద్ద రిజిస్టరు ఉంటే పని నడుస్తుంది.

ఈ దారి పట్టాలనుకునే విద్యార్థులకు రెండు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను. డిగ్రీలో వృక్షశాస్త్రం చదవండి, ఫారెస్ట్రీ అయినా ఫరవాలేదు. వర్గీకరణ శాస్త్రాన్ని పాతకాలపు చదువని ఎవరన్నా మానకండి. ఉపగ్రహ చిత్రాల విద్య కోసం డెహ్రాడూన్‌లో భారత దూరసంవేదన సంస్థ ఉంది. గాలి ఫోటోలు చదవడం నేర్పే బడిగా 1966లో మొదలైంది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదువుకునే ఉచిత కోర్సులు కూడా పెడుతోంది. మీ ఊరి చుట్టుపక్కల నేల పైనుంచి ఎలా కనిపిస్తుందో ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ళ భువన్‌లో చూసి, ఆ చోటికి నడిచి వెళ్ళి పోల్చుకోవడం ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. నల్లమల వెళ్ళాలనుకుంటే అది పులుల అభయారణ్యం, లోపల పనికి అటవీశాఖ అనుమతి రావడానికి నెలలు పట్టవచ్చు. ఏప్రిల్‌లో వెళ్ళాలనుకునేవాళ్ళు దసరా నాటికే దరఖాస్తు పెట్టుకోండి. దరఖాస్తులో ప్లాటు హద్దుల అక్షాంశ రేఖాంశాలు, మళ్ళీ ఏ ఏడాది వచ్చి కొలుస్తారో కూడా రాయండి.